సముద్రం నుంచి వాపసు

నా చిన్నప్పుడు మా బాపు చేసిన ఉస్మానియా బిస్కెట్టును రెండు వేళ్లతో పట్టుకుని విరిస్తే టప్పున చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు రాని బిస్కెట్టును ఆయన అమ్మనిచ్చేవాడు కాదు, ఇంటికి తెచ్చి మాకు పెట్టేవాడు. అంచేత చిన్నతనమంతా నేను తిన్నవి పనికిరాని బిస్కెట్లే. చాంద్రాయణగుట్ట చౌరస్తాకు ఇవతల, ఇప్పుడు ఫ్లైఓవర్ నీడ పడే చోట ఒక బేకరీ ఉండేది. అందులో బిస్కెట్లు కాల్చే భట్టి దగ్గర మా బాపు ఉస్తాదు. బోర్డు మీద సేటు పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నా, జనం మాత్రం దాన్ని ఉస్తాద్ బేకరీ అనే అనేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా మా బాపు మెడ కాస్త నిటారయ్యేది. నేనేమైనా తక్కువ తిన్నానా, నా మెడ ఇంకాస్త ఎక్కువ నిటారయ్యేది.

బేకరీ వెనక గల్లీలో ఒక పాత కమాను, దాని లోపల పెద్ద వాకిలి, వాకిలి చుట్టూ నాలుగు వాటాలు. ఒకటి మాది. మా ఎదురు వాటా ఖాలాది. ఖాలా అంటే పిన్ని అని అర్థం, కానీ ఆమె ఎవరికీ సొంత పిన్ని కాదు. భర్త పోయాక రజాయిలు కుట్టుకుంటూ బతికేది, గల్లీ మొత్తానికీ ఖాలాయే. ఆమె నోరంటే అందరికీ హడల్. వాకిట్లో బిందె పెడితే లొల్లి, తీస్తే లొల్లి. పండుగకు షీర్ ఖుర్మా పంపిస్తూ కూడా గిన్నె తొందరగా పంపించమనీ, మా ఇంట్లో గిన్నెలు మాయమవుతాయనీ తిట్టి మరీ పంపేది. మా అమ్మ ఆ తిట్లకు నవ్వుకునేది. నాకు మాత్రం ఆమె పొడ గిట్టేది కాదు.

మా అమ్మకు దూరపు అన్న వరసైన మామ ఒకాయన బందరు దగ్గర మంగినపూడిలో, సముద్రం ఒడ్డున టీకొట్టు నడిపేవాడు. ఏదో పనిమీద పట్నం వచ్చి మా ఇంట్లో దిగాడు. బిస్కెట్టును టీలో ముంచి నోట్లో పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఇలాంటిది తమ వైపు ఎక్కడా లేదన్నాడు. పున్నమి స్నానాలకు, సెలవు రోజులకు ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారనీ, అక్కడ ఒక భట్టి పెట్టుకుంటే ఇంకొకరి బోర్డు కింద చెమటోడ్చే అవసరం ఉండదనీ చెప్పాడు. ఆ చివరి మాట మా బాపుకు సూటిగా వెళ్లి తగిలింది. కొన్నాళ్లు దాన్నే తలచుకుంటూ తిరిగి, ఒకరోజు మేం సముద్రం దగ్గరికి వెళ్లిపోతున్నామని గల్లీ అంతా చాటేశాడు.

ఇక మా గొప్పలు చూడాలి. సముద్రాన్ని మాలో ఎవరమూ చూడలేదు, అయినా దాని గురించి మాకు తెలియనిది లేదు. పక్క వాటాలో సైకిళ్లు బాగుచేసే భాయ్ కుటుంబం ఉండేది. ఆయన కూతురు నా దోస్తు. మా కొత్త ఇంటి గుమ్మంలో కూర్చుంటే అలలు కాళ్లకు తగులుతాయని ఆమెతో చెప్పాను. మీరంతా నల్లా దగ్గర బిందెల కోసం కొట్టుకుంటుంటే మాకు ఇంటి ముందే కావలసినన్ని నీళ్లుంటాయని కూడా అన్నాను. సముద్రం నీళ్లు తాగడానికి పనికిరావని నాకెవరు చెప్పారు గనక. పాపం, ఆ పిల్ల నోరు తెరుచుకుని విన్నది.

పోయే ముందు వాకిట్లోని వాళ్లూ గల్లీలోని వాళ్లూ ఒక్కో పూట మమ్మల్ని భోజనానికి పిలిచారు. బగారన్నం, దాల్చా తిని తిని మా పొట్టలు చెడ్డాయి. ఇంట్లోని సామాను అమ్ముకోవడం మా బాపుకు నామోషీ. అందుకని ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి ఇచ్చేశాడు. ఇనుప బీరువా ఖాలాకు, నవారు మంచం సైకిల్ భాయ్‌కి, మా అమ్మ రోలు మూలవాటాలో ఉండే అక్కకు. రోలు ఇచ్చేటప్పుడు మా అమ్మ దాన్ని ఒకసారి కడిగి, తుడిచి, అలాగే చూస్తూ నిలబడింది. బాపు ఆమెను తొందర పెట్టాడు. సాగనంపడానికి కమాను దగ్గర అందరూ గుమిగూడారు. మళ్లీ ఎప్పుడొస్తారని ఎవరో అడిగితే, బాపు నవ్వుతూ అన్నాడు.

"మల్లొస్తే చుట్టాల లెక్కనే వస్తం. ఉంటానికి మాత్రం రాం."

ఆ మాటకు నేను చప్పట్లు కొట్టాను.

సముద్రం నిజంగానే పెద్దది. దానిమీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. సరుగుడు తోపు దాటితే మా అద్దె గది. అలలు గుమ్మంలోకి రాలేదు గానీ, వాటి హోరు రాత్రీ పగలూ ఇంట్లోనే ఉండేది. మొదటి రోజుల్లో నేను ఒడ్డునే ఆడుకుని ఒళ్లంతా జిగటతో ఇంటికొచ్చేదాన్ని. ఆరేసిన బట్టలు ఎంతకీ ఆరినట్టుండేవి కావు. జాడీలో ఉప్పు నీరు కారిపోయేది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడి పడేదే తప్ప వెలిగేది కాదు. మా అమ్మ ఇవన్నీ చూస్తూనే ఉంది. బాపు భట్టి కట్టించే పనిలో ఉన్నాడు, ఆయనకు ఇవేవీ కనిపించలేదు.

భట్టి రాజుకుంది. మొదటి వాయి తీసినప్పుడు బాపు ఒక బిస్కెట్టు అందుకుని విరిచాడు, టప్పుమంది. మామ సంబరపడి పక్కవాళ్లందరినీ పిలిచాడు. సాయంత్రం జనం వచ్చారు. కొన్నవాళ్లలో ఒకాయన బిస్కెట్టు విరవబోతే అది విరగలేదు, వంగింది. ఆయన దాన్ని పైకెత్తి పక్కవాళ్లకు చూపించాడు. పట్నం బిస్కెట్టు దండం పెడుతోందని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను కొట్టు పక్కనే నిలబడి ఉన్నాను. మా బాపు చేసినదాన్ని చూసి జనం నవ్వడం నా జీవితంలో అదే మొదటిసారి.

తప్పు పాళ్లలో ఉందనుకున్నాడు బాపు. పాలు తగ్గించాడు, మంట పెంచాడు, ఇంకాసేపు కాల్చాడు. డబ్బాలకు లోపల కాగితం పరిచాడు, మూతల చుట్టూ మైనం పూశాడు. ఏం చేసినా మూత తీసిన కాసేపటికే బిస్కెట్టు చల్లబడిన చపాతీలా అయ్యేది. ఇన్నేళ్లూ తన చేతిలో ఉందనుకున్న కరకరలో సగం మా ఊరి పొడిగాలిదని ఆయనకు అంతవరకూ తెలియదు. గుట్ట కింద పుట్టి, గుట్ట కింద పెరిగి, అక్కడే పని నేర్చుకున్న మనిషికి గాలిలో కూడా తేడా ఉంటుందని ఎలా తెలుస్తుంది? ఒడ్డున ఎండుచేపలు అమ్ముకునే ముసలమ్మ ఒకామె రోజూ ఆయన తిప్పలు చూసేది. ఒకరోజు దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇది ఉప్పుగాలి నాయనా. ఇక్కడ ఏదైనా మెత్తబడిపోద్ది. బందరోళ్లు హల్వా ఊరికే చేసుకున్నారా?"

ఆమె ప్రేమగానే చెప్పింది. అది విన్నాక బాపు భట్టి ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా కొంతకాలం గుంజుకొచ్చాడు గానీ, అది పట్టుదలే తప్ప నమ్మకం కాదు. చివరికి మా అమ్మే ఇంటికి పోదాం అన్నది. ఏ ఇంటికి అని బాపు అడగలేదు.

తిరుగు ప్రయాణానికి బాపు ఒక ఉపాయం ఆలోచించాడు. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు వేళకు మగవాళ్లంతా మసీదులో ఉంటారు, దుకాణాల షట్టర్లు సగం దించి ఉంటాయి, ఆడవాళ్లు వంటల్లో ఉంటారు. ఆ సమయంలో గల్లీలోకి దూరితే ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరవచ్చు. పొద్దున్నే గౌలిగూడ బస్టాండులో దిగినా, ఆ వేళ కోసం మమ్మల్ని మూటల మీద కూర్చోబెట్టాడు. నాకు ఆకలేసింది. అడిగితే ఆయన ముఖం ఎలా పెడతాడో తెలుసు గనక అడగలేదు. చివరికి సరైన సమయం చూసి సిటీ బస్సు ఎక్కించాడు.

గల్లీ లెక్క బాగానే చూసుకున్నాడు గానీ, దారి లెక్క మరిచిపోయాడు. పాతబస్తీలో పుట్టిన మనిషి మరిచిపోవలసిన సంగతి కాదది. ఆ జుమ్మా జనమే చార్మినార్ దగ్గర రోడ్డంతా నిండి ఉన్నారు. నమాజు అయ్యేదాకా బస్సు కదల్లేదు. బాపు కిటికీ చువ్వ పట్టుకుని వేళ్లతో దాన్ని నలుపుతూ కూర్చున్నాడు. మేం చాంద్రాయణగుట్టలో దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని గల్లీ మలుపు తిరిగేసరికి, చార్మినార్ కన్నా కాస్త ఆలస్యంగా నమాజు ముగిసే మా గల్లీ మసీదు నుంచి అందరూ ఒక్కసారిగా బయటికి వస్తున్నారు. తెల్లని బట్టలు, తలల మీద టోపీలు. ఎవరు లేరు అందులో? సేటు ఉన్నాడు, సైకిల్ భాయ్ ఉన్నాడు, పాలవాడు, దర్జీ అందరూ ఉన్నారు. మా బాపు నెత్తి మీది మూటలోంచి బిస్కెట్లు కాల్చే రేకు పళ్లాలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. నడుస్తున్నవాళ్లు నడుస్తున్నచోటే ఆగిపోయారు.

నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఎవరి చెప్పులు ఎవరివో అప్పటికే నాకు తెలుసు గనక, తలెత్తకుండానే అందరినీ గుర్తుపట్టాను. సైకిల్ భాయ్ చెప్పులు ముందుకొచ్చి ఆగాయి. చుట్టపుచూపుగా వచ్చారా అని అడిగాడాయన మెల్లగా. బాపు గబుక్కున ఆ మాటను పట్టుకున్నాడు. అవునన్నాడు, కొద్దిరోజులుండి పోతామన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం నేను వినడం కూడా అదే మొదలు. పక్కన అమ్మ మూట బరువుకన్నా ఎక్కువగా వంగిపోయింది.

వానలకు పైకప్పు కురుస్తోందని మా వాటాలోకి ఎవరూ దిగలేదు. తాళంచెవి ఖాలా దగ్గరే ఉంది. ఆమె తలుపు తీసి, మా మూటల్ని పైనుంచి కిందికి చూసి, పళ్లాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఖాలా ఏమీ అనకపోవడం ఎంత అరుదో నాకు అప్పుడు తట్టలేదు.

ఆ చుట్టరికం మాకు జైలైపోయింది. చుట్టాలుగా వచ్చినవాళ్లు పని అడగరు గనక బాపు బేకరీ వైపు వెళ్లలేకపోయాడు. ఇచ్చిన వస్తువును తిరిగి అడగలేరు గనక అమ్మ మూడు ఇటుకల మీద అన్నం వండి, రాయితో మిరపకాయలు నలిపేది. చాప మీద పడుకున్నాం. బట్టలు గోడ వారగా నేలమీద పేర్చుకున్నాం. నేను నల్లా దగ్గరికి వెళ్లడం మానేశాను. నీళ్లు పట్టుకునే ఆడపిల్లలంతా సముద్రం సంగతి అడుగుతారని నా భయం. అలలు కాళ్లకు తగిలాయా అని నా దోస్తు అడిగితే ఏం చెప్పను? ఆమె మా గుమ్మం దాకా వచ్చి తొక్కుడుబిళ్ల ఆడదాం రమ్మని పిలిచింది. కడుపునొప్పి అని చెప్పి పంపేశాను. బాపు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చుకున్నాడు. మాతో కూడా గుసగుసలే. సికింద్రాబాద్ అవతల ఎక్కడైనా గది చూస్తాననీ, మనల్ని ఎరిగినవాళ్లు లేనిచోటికి పోదామనీ అమ్మతో అన్నాడు. సముద్రం దగ్గర ఓడిపోయింది బిస్కెట్టే, కానీ ఇప్పుడు మా ఊరు కూడా మా చేయి జారిపోతోందని నాకు అర్థమైంది. ఎవరూ తరమకుండానే, ఒట్టి సిగ్గుతో, మా గల్లీని మేమే వదిలిపోబోతున్నాం.

అలా కొన్ని రోజులు గడిచాక ఒక పొద్దున, వాకిలంతా నీళ్లు చల్లుకుని అందరూ గుమ్మాల్లో ఉన్న వేళ, ఖాలా గొంతు లేచింది. ఇద్దరు మనుషులతో మా పాత బీరువాను మోయించుకుంటూ ఆమె వాకిలి దాటి వస్తోంది.

"ఏం ఉస్తాద్, నా ఇల్లు గోదాం అనుకున్నవా? గింత బీరువా నా నెత్తిన వెట్టి పోయినవ్. నాకు కాలు వెట్ట జాగ లేదు. దీని తలుపు కిర్రుకిర్రుమని నమాజ్ కూడ చదువనిస్తలేదు. తీస్కో నీ సామాను."

బాపు నెత్తురుచుక్క లేని ముఖంతో గుమ్మంలో నిలబడ్డాడు. అది ఆమెకే ఇచ్చేశాననీ, వద్దనుకుంటే ఎవరికైనా ఇచ్చేయమనీ గొణిగాడు. ఖాలా వినిపించుకోలేదు. నీ సామాను నేనెందుకు పంచాలి, నేనేమైనా నీ నౌకరునా అని రెండు చేతులూ తిప్పింది. ఆ లొల్లి ఇంకా నడుస్తుండగానే సైకిల్ భాయ్ మంచం ఎత్తుకుని వచ్చాడు. దాన్నిండా నల్లులనీ, పిల్లలు రాత్రంతా గోక్కుంటున్నారనీ అన్నాడు. వెనకాలే మూలవాటా అక్క రోలు దొర్లించుకుంటూ వచ్చింది. ఇది నున్నగా అరిగిపోయింది, దీంట్లో పచ్చడి నలగడం లేదు, పనికిరాని రోలును నాకు అంటగట్టారని సణిగింది.

ఇచ్చిన వస్తువును ముఖాన కొట్టడం కన్నా పెద్ద అవమానం మా దగ్గర లేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. మేం ఓడిపోయామని అందరికీ తెలిసిపోయింది, అందుకే ఇప్పుడు ఒక్కొక్కరూ వచ్చి మమ్మల్ని తొక్కుతున్నారు అనుకున్నాను. అందరికన్నా ఖాలా మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది. సముద్రం ఒడ్డున నవ్వినవాళ్లు పరాయివాళ్లు. ఈమె మా వాకిటి మనిషి.

ఖాలా ఇంకా ఆపలేదు. చుట్టాలం చుట్టాలం అని నేలమీద బట్టలు పెట్టుకుంటారా, బీరువా ఉన్న మనిషికి ఇదేం రోగం అన్నది. అప్పుడు మా బాపు గొంతు లేచింది. ఎన్నాళ్లకో లేచింది.

"గింత లొల్లి ఎందుకు ఖాలా? వెట్టు, ఈడనే వెట్టు. నా సామాను నాకు బరువైతదా? నేను ఉంచుకోలేనా?"

వాకిలి దద్దరిల్లింది. నేను ఉలిక్కిపడి తలెత్తి చూశాను. బాపు గుమ్మంలో తిన్నగా నిలబడి ఉన్నాడు, ముఖం ఎర్రగా ఉంది. తనే పోయి బీరువా ఒక అంచు పట్టుకుని లోపలికి లాగాడు. మంచం అందుకుని గోడకు వేశాడు. ఖాలా, ఇప్పటికైనా నా ఇంట్లో గాలి ఆడుతుందని గొణుక్కుంటూ వెనుదిరిగింది.

అందరూ వెళ్లాక అమ్మ బట్టలైనా సర్దుదామని బీరువా తలుపు లాగింది. అది చప్పుడు లేకుండా తెరుచుకుంది. మళ్లీ మూసి మళ్లీ తెరిచింది. బందులకు కొత్తగా నూనె వేసి ఉంది. అసలు కిర్రుమనేది మా దగ్గర ఉన్నప్పుడే, మేం ఎన్నడూ బాగు చేయించలేదు. అమ్మ నా వైపు చూసి మంచం దగ్గరికి వెళ్లింది. పాత నవారు కాదది, కొత్తది, ఇంకా గంజి వాసన వస్తోంది. అందులో నల్లులు ఎక్కడినుంచి వస్తాయి? ఆఖరున రోలు ముందు చతికిలబడి లోపల అరచేత్తో తడిమింది. నున్నగా లేదు. గంట్లు కొట్టేవాణ్ని పిలిపించి కొత్తగా గంట్లు కొట్టించారు, అరచేతికి గరుకుగా తగులుతోంది. అమ్మ ఆ రోట్లో చెయ్యి పెట్టుకునే ఏడ్చింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

బాపు అన్నీ చూశాడు. సాయంత్రం వాకిలి దాటి ఖాలా గుమ్మం దగ్గరికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. ఆమె రజాయి పరుచుకుని పెద్ద కుట్లు వేస్తోంది. మమ్మల్ని చూసి కూడా సూది ఆపలేదు.

"ఖాలా, మేం చుట్టాలుగ రాలే. ఆడ నా పని నడువలే. నా బిస్కెట్టు..." అని బాపు ఆగిపోయాడు.

ఖాలా దారం పళ్లతో కొరికింది.

"నేను అడిగిన్నా? ఈ గల్లీల ఎవరన్న అడిగిన్రా నిన్ను?"

బాపు ఆలోచించి, లేదన్నాడు.

"మరెందుకు చెప్తున్నవ్? పొద్దుగాల్ల భట్టికాడికి పో. నీ జాగల వచ్చిన ఆ కొత్తోడు చేసిన బిస్కెట్లకు నా పళ్లు కదుల్తున్నయ్."

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. నిజంగానే ఎవరూ అడగలేదు. మేం వచ్చిన క్షణం నుంచి ఆ పొద్దు దాకా, ఎందుకు వచ్చారు అన్న మాట ఒక్క నోటినుంచీ రాలేదు. ఆ శుక్రవారమే ఖాలా బురఖా వేసుకుని ఇల్లిల్లూ తిరిగిందట. ఉస్తాదును, ఆయన పెండ్లాన్ని, పిల్లను ఎవరైనా ఆ మాట అడిగితే వాళ్లు తనకు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని బెదిరించిందట. తను పెళ్లై వెళ్లిపోయిన చాలా ఏళ్లకు నా దోస్తే ఈ సంగతి చెప్పింది. తొక్కుడుబిళ్లకు పిలవడానికి ఆమెను పంపింది కూడా ఖాలాయే. సముద్రం పేరెత్తితే కాళ్లు విరగ్గొడతానని చెప్పి మరీ పంపిందట. నేనేమో ఎవరూ అడగని ప్రశ్నకు భయపడి, నల్లా దగ్గరికి కూడా పోకుండా ఇంట్లో దాక్కున్నాను.

బాపు మర్నాడు భట్టి దగ్గరికి వెళ్లాడు. సేటు ఆయన చేతికి పిండి గిన్నె ఇచ్చాడే తప్ప ఇంకేమీ మాట్లాడలేదట. సికింద్రాబాద్ మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. అయితే ఆ వారమంతా గల్లీ బయటివాళ్లు ఖాలాను ఆడిపోసుకున్నారు. పుణ్యానికి ఇచ్చిన బీరువాను కూడా ఓర్వలేక ముఖాన కొట్టిన మనిషి అన్నారు. మా అమ్మ నిజం చెప్పబోతే ఖాలా ఆమెను కసిరింది. ఆ చెడ్డపేరు ఆమె ఊరికే మోసింది, దించుకోవడానికి ప్రయత్నించనైనా లేదు.

ఆ శుక్రవారం తలపుకొస్తే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. జనం ముందు మూటలతో నిలబడిన సిగ్గు ఒకటి, మాకోసం అరిచిన మనిషిని మనసులో తిట్టుకున్న సిగ్గు ఇంకొకటి. రెండూ పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోను. ఆమె పోయాక ఆమె గోరీ మీద పూలు పెట్టడానికి వెళ్లినప్పుడు కూడా తలెత్తి చూడలేకపోయాను.

ఇప్పుడు నేను సంతోష్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా కింది ఫ్లాటులో ఒక రిటైరైన ఆయన, భార్యతో కలిసి విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఇల్లు తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు లిఫ్టులో కనబడిన ప్రతివాళ్లకూ ఫోనులో ఆ బాల్కనీ ఫోటో చూపించాడు. ఏడాది తిరక్కముందే ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. మొన్న మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. నన్ను చూడగానే తల దించుకుని, అక్కడి ఉప్పుగాలికి ఆవిడకు ఆయాసం ఎక్కువైందండీ, పైగా మనవాళ్లంటూ ఎవరూ లేరు కదా అని తనంతట తానే మొదలుపెట్టాడు. నేను మధ్యలోనే అడ్డం పడ్డాను. అవన్నీ నన్నెవరు అడిగారు, ముందు మీ గీజరు సంగతి చూడండి, పొద్దున్నే దాని మోతకు మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండటం లేదు అన్నాను. ఆయన ముందు బిత్తరపోయాడు. తర్వాత ముఖం జేవురించింది. మా గీజరు కొత్తది, ఏ చప్పుడూ రాదు, కావాలంటే వచ్చి వినండి అని నామీద ఎగిరి, విసవిసా మెట్లెక్కి పోయాడు. తల నిటారుగా పెట్టుకుని పోయాడు.

నిజమే, వాళ్ల గీజరు చప్పుడు చెయ్యదు. పైనుంచి మా కోడలు అంతా వింది. మీకు మనుషులతో తగువు లేనిదే పూట గడవదా అత్తమ్మా అని విసుక్కుంది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. కోపం వచ్చిన మనిషి తలెత్తుకుని ఇంటికి పోగలడు, సిగ్గుపడ్డ మనిషి పోలేడు. ఆ సంగతి నేను మా బాపు ముఖంలో చూసి నేర్చుకున్నాను.